గ్యాస్ పట్టించే ముందు గ్లవ్ బాక్స్ తెరవండి

మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. గన్నవరం ఎయిర్‌పోర్టులో ఎక్కిన కుటుంబం రామవరప్పాడు రింగు దాకా ఎలాగో ఓర్చుకుంది. అక్కడ వెనక సీట్లోంచి ఆవిడ అంది: "డ్రైవర్ గారూ, ఏసీ ఆపేసి అద్దాలు దించండి. బాబుకి దగ్గు ఆగట్లేదు." బయట వడగాలి కొడుతోంది. అయినా ఆ గాలే నయమనిపించింది వాళ్లకి. దిగేటప్పుడు ఆవిడ ముక్కు మీది చున్నీ తియ్యకుండానే డబ్బులిచ్చింది. ఒక్క మాట అనలేదు. కోప్పడి ఉంటే నాకు అంత సిగ్గుగా ఉండేది కాదు.

ఆ వాసన ఎలాంటిదో మీకు తెలుసు. ఉతికి ఆరెయ్యకుండా బకెట్లో వదిలేసిన బట్టల వాసన, ముక్కిన బియ్యం వాసన. రోజుకి పన్నెండు గంటలు అందులోనే కూర్చుంటాం కాబట్టి మన ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. ఎక్కే మనిషికి మాత్రం తలుపు తియ్యగానే తగులుతుంది. మన రేటింగు ఎందుకు పడిందో మనకి అర్థం కాదు.

అప్పటికి కూలింగ్ తగ్గిందని వరసగా రెండు వేసవులు గ్యాస్ పట్టించాను. వెళ్లిన షెడ్డులో ఎవరూ బండి చూడలేదు, "గ్యాస్ అయిపోయింది" అన్నారు, పట్టారు, డబ్బులు తీసుకున్నారు. మూడోసారి ఆటోనగర్‌లో వేరే షెడ్డుకి పోయాను. అక్కడి పెద్దాయన గేజీల జోలికి పోలేదు. ఎడమ తలుపు తీసి, గ్లవ్ బాక్స్ కిందికి వాల్చి, లోపలినుంచి ఒక అట్టలాంటిది లాగి నా చేతిలో పెట్టాడు. ఎండు వేపాకు, జుట్టు, దుమ్ము, దూది కలిసి గోనెపట్టాలా గట్టిపడిపోయి ఉంది. "ముక్కులో దూది కుక్కుకుని ఊపిరాడట్లేదంటే ఎట్టా అబ్బాయ్?" అన్నాడు. ఆ రోజు ఆయన చెప్పిన గీత ఇప్పటిదాకా దాటలేదు: గాలి తిరిగే దారి నీది, గ్యాస్ తిరిగే దారి మెకానిక్‌ది. గాలి తగిలే ప్రతి చోటునీ మనం శుభ్రం చేసుకోవచ్చు. గ్యాస్ ఉండే ఏ పైపునీ, ఏ నట్టునీ ముట్టుకోకూడదు. కారు మీద బతికే ప్రతివాళ్లూ గీతకి ఇవతలి పని నేర్చుకోవాలని నా గట్టి నమ్మకం.

ముందు గాలి ఏ దారిన వస్తుందో చూద్దాం. వైపర్ల కింద నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. బయటిగాలి అక్కడినుంచి లోపలికి వస్తుంది. బ్లోయర్ ఆ గాలిని పీల్చి, ఫిల్టర్‌తో వడగట్టి, డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్ మీదుగా మన ముఖానికి కొడుతుంది. ఫిల్టర్ కొన్ని బండ్లలో బ్లోయర్‌కి ముందు, కొన్నింట్లో తర్వాత ఉంటుంది. కాయిల్ పలచటి అల్యూమినియం రేకుల గుత్తి. ఏసీ నడిచేటప్పుడు దాని ఉపరితలం గడ్డకట్టే చలికి కొన్ని డిగ్రీల ఎడంలోనే ఉంటుంది. ఐసునీళ్లు పోసిన గ్లాసు బయట బొట్లు పట్టినట్టు, గాలిలో చెమ్మంతా దాని మీద నీరై కారుతుంది. ఆ నీరు కింది తొట్టిలో చేరి, చిన్న రబ్బరు గొట్టంలోంచి బండి కింద బొట్టుబొట్టుగా పడుతుంది. కోస్తాలో మన గాలికి చెమ్మ ఎక్కువ కాబట్టి నీరూ ఎక్కువే. ఫిల్టర్ దాటిన దుమ్ము ఆ తడి రేకులకి అంటుకుంటుంది. రాత్రి బండి ఆపేశాక ఆ చీకటి పెట్టెలో చెమ్మా, దుమ్మూ కలిసి ఉండిపోతాయి. బూజు పెరగడానికి ఇంకేం కావాలి?

పని మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. గాలే తక్కువగా వస్తోందా, లేక గాలి బాగానే వస్తున్నా చల్లగా లేదా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు. గాలి తక్కువైతే ఫిల్టరో, జాలీయో, బ్లోయరో చూడాలి. బ్లోయర్ చివరి స్పీడులో మాత్రమే తిరిగి, ఒకటీ రెండూ మూడూ పనిచెయ్యకపోతే చాలాసార్లు రెసిస్టర్ అనే చిన్న ముక్క కాలిపోయి ఉంటుంది, గ్యాస్‌కి దానితో సంబంధం లేదు. మొదట చల్లగా వచ్చి, అరగంట పోయాక గాలి సన్నగిల్లి, కాసేపు ఏసీ ఆపితే మళ్లీ మామూలైతే కాయిల్ మీద ఐసు కట్టిందని అర్థం. అది ఫిల్టర్ మూసుకుపోయినా జరుగుతుంది. ఫిల్టర్ మార్చాక కూడా అలాగే ఉంటే మెకానిక్ చూడాలి. హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి వస్తే బానెట్ ముందున్న కండెన్సరో, దాని ఫ్యానో అనుమానించండి. గాలి బలంగా వస్తూ, ఆగినా నడిచినా ఒకేలా వెచ్చగా ఉంటే, అప్పుడు గ్యాస్ మాట మాట్లాడుకోవచ్చు.

ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోండి. పది నిమిషాలు బండి నడిపాక, లోపలిగాలే తిరిగే బటన్ నొక్కి, ఏసీ పూర్తిగా పెట్టి, డ్యాష్‌బోర్డు మధ్య గాలి వచ్చే జాలీలో దాన్ని గుచ్చి చూడండి. నడుస్తున్న బండిలో పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటే మీ ఏసీ బాగానే ఉన్నట్టు. శుభ్రం చెయ్యకముందు ఎంత, చేశాక ఎంత అని రాసిపెట్టుకుంటే రేపు షెడ్డులో ఎవరైనా "గ్యాస్ లేదన్నా" అంటే చేతిలో లెక్క ఉంటుంది.

వాసన కూడా కబురు చెబుతుంది. తడిబట్టల వాసన బూజుది, ఇంట్లోనే పోగొట్టుకోవచ్చు. తియ్యటి వాసన వచ్చి, ముందు అద్దం లోపలివైపు జిడ్డుపొర కడుతుంటే హీటర్ దగ్గర కూలెంట్ కారుతోందని అనుమానించి షెడ్డుకి పొండి. భరించలేని కుళ్లు అయితే ఎలుక చచ్చి ఉంటుంది. వాన పడే రోజుల్లో ఎలుకలు బ్లోయర్ పెట్టెలో గూడు కట్టడం, వైర్లు కొరకడం మన ఊళ్లలో మామూలే. పెట్రోలు వాసనో, సీఎన్‌జీ వాసనో వస్తే మాత్రం ఏ శుభ్రమూ మొదలుపెట్టకండి. బండి పక్కకి తీసి, ఇంజిన్ ఆపి, అందరూ దిగి, దూరంగా నిలబడి మెకానిక్‌ని పిలవండి.

ఇక ఫిల్టర్. నూటికి తొంభై పాళ్లు పని ఇక్కడే ఉంది, పావుగంట కూడా పట్టదు. ముక్కుకి మాస్కు పెట్టుకోండి. గ్లవ్ బాక్స్ ఖాళీ చెయ్యండి. చాలా బండ్లలో దాని రెండు పక్కల్నీ లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది. ఒక పక్క చిన్న తాడో, గొట్టంలాంటి డ్యాంపరో ఉంటే ముందు దాన్ని ఊడదీయండి, లాగేస్తే విరుగుతుంది. కొన్ని బండ్లలో స్టార్ స్క్రూలు ఉంటాయి. లోపల సన్నటి మూత, దాని క్లిప్పులు నొక్కితే ఫిల్టర్ బయటికి వస్తుంది. చెత్త లోపలికి రాలకుండా మెల్లిగా, అడ్డంగానే లాగండి. అక్కడ పసుపు రంగు వైర్లు, పసుపు కనెక్టర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని వేలితో కూడా కదపొద్దు. కొన్ని పాత బండ్లలో, తక్కువ వేరియంట్లలో గూడు ఉంటుంది కానీ ఫిల్టర్ ఉండదు. అలాంటి బండిలో దుమ్మంతా నేరుగా కాయిల్ మీదికే పోతుంది. ఆ గూటికి సరిపడే ఫిల్టర్ దొరుకుతుందేమో స్పేర్ పార్ట్స్ కొట్లో అడగండి.

మడతల కాగితం ఫిల్టర్‌ని నీళ్లతో కడగకూడదు. కడిగితే పోగులు దగ్గరకి ముడుచుకుపోయి గాలి ఆడదు, తడి ఉండిపోతే మళ్లీ అదే బూజు. పెట్రోల్ బంకులో గాలి కొట్టిస్తే కాస్త దుమ్ము పోతుంది, అదైనా శుభ్రంగా ఉన్న వైపునుంచి మురికి వైపుకి, దూరంగా పెట్టి కొట్టాలి. అది జీతం పడేదాకా గడుపుకోవడానికే. ఏడాదికోసారి, లేదా పది పదిహేను వేల కిలోమీటర్లకోసారి మార్చడం మామూలు లెక్క. మన లెక్క వేరు. గుంటూరు మిర్చి యార్డుకి రోజూ తిరిగే బండి, పల్నాడు సిమెంటు ఫ్యాక్టరీల దారిలో తిరిగే బండి, వరంగల్ జిన్నింగు మిల్లుల చుట్టూ తిరిగే బండి అంతకాలం ఆగకూడదు. మిర్చి ఘాటు ఫిల్టర్‌లో చేరితే ఏసీ వేసిన ప్రతిసారీ తుమ్ములే. నెలకోసారి లాగి చూడండి, వెలుగుకి పట్టి చూస్తే అవతలి వెలుతురు కనబడకపోతే దాని పని అయిపోయినట్టే. కొత్తది పెట్టేటప్పుడు అంచు మీద గాలి ఎటు పోవాలో బాణం గుర్తు ఉంటుంది, దాన్ని తిరగేసి పెట్టొద్దు. అదే అంచు మీద స్కెచ్ పెన్నుతో తేదీ, కిలోమీటర్ల రీడింగూ రాయండి. వైపర్ల కింది జాలీలో చిక్కుకున్న ఆకులూ, చింతపువ్వూ చేత్తో ఏరెయ్యండి.

ఫిల్టర్ మార్చినా వాసన పోకపోతే కూలింగ్ కాయిల్ దాకా వెళ్లాలి. ఇక్కడే మనవాళ్లు తప్పులు చేస్తారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. డ్యాష్‌బోర్డు విప్పాల్సిన పని లేదు. కారు ఏసీ కాయిల్ కోసమే తయారైన నురగ క్లీనర్ డబ్బాలు, సన్నటి పొడుగు గొట్టంతో సహా, ఆటోమొబైల్ కొట్లలో దొరుకుతాయి. బ్లీచింగ్, ఫినాయిల్, యాసిడ్, సోడా కలిసిన బాత్రూం క్లీనర్లు వాడొద్దు. అల్యూమినియం తినేసి కాయిల్‌కి చిల్లు పడితే, అది మార్చడానికి డ్యాష్‌బోర్డంతా విప్పాలి, ఒక నెల సంపాదన దానికే పోతుంది. పైగా ఆ వాసనలు మూసిన కారులో మన ఊపిరితిత్తుల్లోకే పోతాయి.

నీడలో, గాలి ఆడే చోట బండి పెట్టండి. ఇంజిన్ ఆపి, తాళం తీసి, నాలుగు తలుపులూ తెరవండి. దగ్గర్లో బీడీ, సిగరెట్టు, అగరుబత్తి ఉండకూడదు. ఈ డబ్బాల్లో చాలావాటిలో తోసే వాయువు మండే గుణం ఉన్నది. పొద్దున్నే డ్యాష్‌బోర్డు మీది దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ రోజు మాత్రం దండం పెట్టుకుని వదిలెయ్యండి. ఫిల్టర్ తీసిన గూట్లోకి టార్చి వేసి చూడండి. ఎదురుగా సన్నటి లోహపు రేకులు కనబడితే అదే కాయిల్, నేరుగా దాని మీదికి నురగ కొట్టొచ్చు. రేకులకి బదులు గుండ్రటి ప్లాస్టిక్ చక్రం కనబడితే అది బ్లోయర్, దాని మోటారు మీద నురగ పడితే పాడవుతుంది. అలాంటప్పుడు కిందినుంచి రావాలి. చాలా బండ్లలో ఎడమవైపు, ఇంజిన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య గోడ దగ్గర, ఆ నీళ్లు కారే రబ్బరు గొట్టం ఉంటుంది. బండి కిందికి దూరడానికి ఒక్క జాకీని నమ్మొద్దు. సర్వీసింగు ర్యాంపు ఉంటేనే చెయ్యండి, లేకపోతే ఆ ఒక్క పనికి మెకానిక్‌కి డబ్బులిస్తేనే నయం. క్లీనర్ గొట్టాన్ని అందులోకి మెత్తగా తోసి, బలవంతం చెయ్యకుండా, కొంచెం కొంచెంగా వెనక్కి లాగుతూ నురగ వదలండి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు మర్చిపోవద్దు.

డబ్బా మీద రాసినంతసేపు, సాధారణంగా పది పదిహేను నిమిషాలు, అలా వదిలెయ్యండి. నురగ కరిగి నీరై, మొదటిసారి అయితే టీ డికాక్షన్ రంగులో, బండి కిందికి కారుతుంది. ఆ రంగు చూసిన రోజు నాకు ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కిన ఆ బాబు దగ్గు మళ్లీ వినబడింది. నీరు ఏమాత్రం రాకపోతే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. ఎడమ సీటు కాళ్ల దగ్గర మ్యాట్ ఊరికే తడుస్తుంటే దానికీ చాలాసార్లు ఇదే కారణం. మెత్తటి ప్లాస్టిక్ గొట్టంతో చెత్త కదిలించాలి తప్ప సైకిలు పుల్లో, ఇనప తీగో గుచ్చకండి, అవతల ఉన్నది కాయిల్.

కారడం పూర్తిగా ఆగాక ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ బటన్ ఆపి, బయటిగాలి వచ్చేలా పెట్టి, వేడి పూర్తిగా తిప్పి, బ్లోయర్ ఫుల్ స్పీడులో పదిహేను నిమిషాలు ఉంచండి. తలుపులు తెరిచే ఉండాలి, మీరు బయట నిలబడాలి. డ్యాష్‌బోర్డు జాలీల్లోంచి ఒక్కోసారి నురగ చిమ్ముతుంది కాబట్టి సీటు మీద పాతగుడ్డ పరవండి. లోపల ఆరాకే కొత్త ఫిల్టర్ పెట్టాలి. పాత ఫిల్టర్ మళ్లీ పెడితే చేసిన పనంతా వృథా. సెంట్లూ, అత్తరు డబ్బాలూ ఈ పని చెయ్యవు, బూజు వాసన మీద మల్లెపూల వాసన కలిసి ప్రయాణికుడికి తలనొప్పి మిగులుతుంది.

కండెన్సర్ పని తేలిక. బంపర్ జాలీ వెనక, రేడియేటర్‌కి ముందు ఉండే పలక అది. లోపలినుంచి మోసుకొచ్చిన వేడిని బయటికి వదిలేది ఇక్కడే. పురుగులు, వరికోతల పొట్టు, దూది, బురద దాన్ని కప్పేస్తే వేడి పోదు, గ్యాస్ ఎంత ఉన్నా కూలింగ్ రాదు. తెల్లవారి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, తాళం తీసేసి, మామూలు పైపుతో మెల్లగా నీళ్లు పట్టండి. వాటర్ సర్వీసింగు గన్ దగ్గరపెట్టి కొట్టనివ్వొద్దు, రేకులు వంగి గాలిదారి మూసుకుపోతుంది. పాత మెత్తటి బ్రష్‌తో రేకుల వాలునే దువ్వండి. తాళం తీసినా కొన్ని బండ్లలో ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, అందులో వేళ్లు పెట్టొద్దు. కడిగాక ఏసీ వేసి, దూరంగా నిలబడి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. విశాఖ, కాకినాడ తీరంలో తిరిగే బండ్లకి ఉప్పుగాలి కూడా తోడవుతుంది, నెలకోసారి మంచినీళ్లతో కడగడం అవసరం.

ఇక గీతకి అవతలి సంగతి. మన బండ్లలో ఎక్కువగా ఉండేది ఆర్-134ఏ అనే వాయువు. ఓజోన్ పొరకి చేటు చేసే పాత ఆర్-12ని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మాన్పించి, దాని బదులు తెచ్చారు. మామూలు గాలి ఒత్తిడిలో సున్నాకి దిగువన 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. చర్మానికి, కంటికి తగిలితే మంచుకాటు. వాతావరణంలోకి వదిలితే బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకి పైగా వేడి పెంచుతుంది. అందుకే నట్టు వదులు చేసి "కొంచెం గ్యాస్ తీసి చూద్దాం" అనేవాళ్లని దగ్గరికి రానివ్వొద్దు.

పెట్రోలులాగా ఇది ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. ఏళ్ల తరబడి కాస్తంత తగ్గడం వేరు. ఏటా పట్టించాల్సి వస్తుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, దాన్ని మూయకుండా పట్టిస్తే డబ్బు గాలిలో కలిసినట్టే. జాయింట్ల దగ్గర జిడ్డుగా దుమ్ము పట్టిన మచ్చ ఉంటే మెకానిక్‌కి చూపించండి, గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కారుతుంది కాబట్టి అక్కడ అలా పడుతుంది. చిన్న బండికి పట్టేది అర కిలో లోపే. ఎంతో బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో ఉంటుంది. ముందు వాక్యూం పెట్టి, తర్వాత తూకం వేసి పట్టమని అడగండి. ఎక్కువ పట్టినా కూలింగ్ తగ్గుతుంది.

రోజువారీ అలవాటు ఒక్కటి చేసుకుంటే ఇదంతా మాటిమాటికీ చెయ్యక్కర్లేదు. చివరి కిరాయి దింపి ఇంటికి వచ్చేటప్పుడు, ఐదు నిమిషాల ముందే ఏసీ బటన్ ఆపి, బ్లోయర్ నడవనివ్వండి. కాయిల్ ఆరిపోయి రాత్రికి బూజుకి తడి దొరకదు. లోపలిగాలే తిరిగే బటన్ ఎండలో కూలింగ్‌కి మంచిదే. నలుగురు ఎక్కిన బండిలో గంటలకొద్దీ అలాగే ఉంచితే గాలి ముతకబారి కళ్లు మూతలు పడతాయి, డ్రైవరుకి అది ప్రమాదం. అప్పుడప్పుడూ బయటిగాలి రానివ్వండి.

ఏసీ ఖర్చు ఎవరు భరించాలన్న గొడవ నిజమైనదే. 2024 ఏప్రిల్‌లో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ హైదరాబాద్‌లో "నో ఏసీ" ప్రచారం నడిపింది, ఆ ప్రచారంలో న్యాయం ఉందని నా అభిప్రాయం. ఆ సంగతి తేలినా తేలకపోయినా, ఫిల్టర్ మూసుకుపోయిన బండిలో ఏసీ ఎక్కువసేపు, ఎక్కువ స్పీడులో నడపాల్సి వస్తుంది. ఆ ఇంధనం మన జేబులోదే.

ఇంకొక్క మాట. ఎయిర్‌పోర్టుల దగ్గర, ఆసుపత్రుల దగ్గర కిరాయి కోసం కాచుకుని, అద్దాలు బిగించి, ఇంజిన్ నడుపుతూ ఏసీలో నిద్రపోయే తమ్ముళ్లని చూస్తుంటాను. పొగగొట్టం ఎక్కడైనా చిల్లు పడి ఉంటే, ఆగిన బండి చుట్టూ పొగ తేలి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాడికి మెలకువ రాదు. ఎంత శుభ్రం చేసిన ఏసీ అయినా దీన్ని ఆపలేదు. ఫిల్టర్ దాన్ని పట్టదు. నిద్ర వస్తే ఇంజిన్ ఆపండి, చెట్టు నీడన పెట్టండి, రెండు వైపులా అద్దాలు దించండి. ఆకులు రాలి జాలీలో పడితే పడనివ్వండి, లేచాక చేత్తో తీసెయ్యొచ్చు.